ఈడెన్ గార్డెన్స్ చరిత్రని చెవులతో చూడటం ఎలా

ఏ క్రికెట్ గ్రౌండ్ గురించైనా తెలుసుకుందామని కూర్చుంటే మనకి దొరికేది మామూలుగా ఓ పట్టికే. ఎప్పుడు కట్టారు, ఎంతమంది పడతారు, పెద్ద స్కోరు ఎవరిది, చిన్న స్కోరు ఎవరిది. చదువుతాం, పది నిమిషాల్లో మర్చిపోతాం. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ గురించి కూడా చాలామంది అలాగే చదివేసి, "ఆ, లక్ష్మణ్ 281 కొట్టాడు కదా" అని ఆపేస్తారు. ఈడెన్ కథ స్కోరుబోర్డు మీద సగమే ఉంటుంది, మిగతా సగం గ్యాలరీల్లో ఉంటుంది. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ఈ గ్రౌండ్‌ని కళ్ళకంటే ముందు చెవులతో పట్టుకోండి. ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలో, ఏది ఎలా చూడాలో నాకు అలవాటైన పద్ధతి రాస్తున్నాను. ఓ నాలుగైదు ఆదివారాలు పడుతుంది, తొందర ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు.

ఈ చెవుల గోల నాకెలా పట్టుకుందో ముందు చెప్పేస్తాను. 2001 మార్చిలో ఈడెన్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, అప్పుడే నాకు ఇంటర్ పరీక్షలు. పుస్తకం ఒళ్ళో, కళ్ళు టీవీ మీద. ఐదో రోజు టీ తర్వాత సరిగ్గా కావలసిన టైముకి కరెంటు పోయింది. పక్కింటి తాతగారి అరుగు మీద ట్రాన్సిస్టర్ మోగుతుంటే పరిగెత్తాను. అక్కడ గమనించిందేంటంటే, కామెంటేటర్ నోరు తెరవకముందే వెనకాల జనం హోరు వచ్చేస్తోంది. ఆ హోరుని బట్టే వికెట్టా, ఫోరా, అప్పీలా అన్నది తాతగారు చెప్పేస్తున్నారు. "ఇది వికెట్టురా" అని ఆయన అన్నాక, ఓ క్షణం ఆగి రేడియో అదే మాట చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

కావలసిన సరంజామా పెద్దగా ఏం లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, ఒక జత ఇయర్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్లో పెట్టుకుంటే కామెంటరీ తప్ప ఇంకేదీ వినిపించదు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. పాత మ్యాచ్‌ల హైలైట్స్ ఇంటర్నెట్లో చాలావరకు దొరుకుతాయి, స్కోరు కార్డులైతే అన్నీ దొరుకుతాయి.

ముందు స్కోరు కార్డు, తర్వాతే వీడియో. ఈ వరస మార్చకండి. కార్డులో అందరూ బ్యాట్స్‌మెన్ పరుగులు చూస్తారు. మీరు కిందికి దిగండి. మన పేపర్లలో స్కోరుబోర్డు అడుగున చిన్న అక్షరాల్లో "వికెట్ల పతనం" అని ఒక లైను వేసేవాళ్ళు గుర్తుందా? మ్యాచ్ మొత్తం ఆ ఒక్క లైనులో ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకుని, అంకెల మధ్య దూరం ఎక్కడ ఎక్కువుందో, ఎక్కడ అన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయో గుర్తుపెట్టుకోండి. వీడియోలో ఆ చోటికి వచ్చినప్పుడు బంతి కంటే జనం మీద దృష్టి పెట్టండి.

1996 మార్చి 13తో మొదలుపెట్టండి. అవును, ఏడుపొచ్చే మ్యాచ్‌తోనే. ప్రపంచకప్ సెమీఫైనల్, శ్రీలంక మీద. మన ఇన్నింగ్స్ వికెట్ల పతనం ఇలా ఉంటుంది (1-8 అంటే 8 పరుగుల దగ్గర మొదటి వికెట్ పడిందని): 1-8, 2-98, 3-99, 4-101, 5-110, 6-115, 7-120, 8-120. ఆ లైనుని ఒకసారి పైకి చదవండి. 98 దాకా ఒకటే వికెట్. ఆ తర్వాత 22 పరుగుల్లో ఏడు. మధ్యలో విరిగిన మెట్టు సచిన్, 65 దగ్గర జయసూర్య బంతి ప్యాడ్‌కి తగిలి పక్కకి దొర్లితే పరుగు కోసం అడుగు ముందుకేశాడు, కీపర్ కాలువితరణ వికెట్ల మీది గిల్లులు లేపేశాడు. మీరు చూడాల్సింది ఆ స్టంపౌట్ ఒక్కటే కాదు. దాని తర్వాత అజహర్ వస్తాడు, సున్నాకే పోతాడు, అప్పుడు గ్యాలరీ శబ్దం ఎలా మారుతుందో వినండి. ముందు ఈలలు, చప్పట్లు. సచిన్ వెళ్ళాక గుసగుస లాంటి మూలుగు. అజహర్ తర్వాత అది కోపంగా తిరుగుతుంది. ఇంకో అరగంటకి సీసాలు గ్రౌండ్‌లో పడుతున్నాయి, స్టాండ్స్‌లో మంటలు. ఆటగాళ్ళని లోపలికి తీసుకెళ్ళారు, మళ్ళీ తెచ్చారు, మళ్ళీ అదే వరస. చివరికి మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ని శ్రీలంకకి ఇచ్చేశాడు. 10 పరుగులతో నాటౌట్‌గా ఉన్న కాంబ్లీ ఏడుస్తూ నడిచొచ్చిన దృశ్యం ఆ తరం వాళ్ళెవరూ మర్చిపోలేదు.

ఇంకో ముక్క. అందరూ "అజహర్ టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎందుకు తీసుకున్నాడు" అని ఇప్పటికీ తిడతారు. శ్రీలంక ఇన్నింగ్స్ కూడా చూస్తే ఆ తిట్టు కొంచెం తగ్గుతుంది. ఆ టోర్నీలో ఛేజింగ్‌లో వాళ్ళు చెలరేగిపోతున్నారు, ఢిల్లీలో మనల్నే అలా కొట్టారు. పైగా శ్రీనాథ్ మొదటి ఓవర్లోనే కాలువితరణ, జయసూర్య ఇద్దరూ ఔట్, స్కోరు 1 పరుగుకి 2 వికెట్లు. ఆ నిమిషంలో ఈడెన్ హోరు విన్నవాడెవడూ టాస్ నిర్ణయం తప్పనడు. అరవింద డిసిల్వా వచ్చి 47 బంతుల్లో 66 కొట్టి ఆ హోరుని నొక్కేశాడు, స్కోరు 251కి చేరింది. సాయంత్రానికి పిచ్ పొడిపొడి అయిపోయింది.

దాని తర్వాత వెంటనే 1993 నవంబర్ 24 చూడండి. హీరో కప్ సెమీఫైనల్, దక్షిణాఫ్రికా మీద. ఇదే గ్రౌండ్, అదే రకం జనం, చేతిలో అవే కాగితాల కాగడాలు, కానీ ఈసారి పండగకి. 1996 చూశాక ఇది చూస్తే ఒకే నిప్పు రెండు పనులెలా చేస్తుందో అర్థమవుతుంది. మనవాళ్ళు చేసింది 195, అందులో అజహర్‌వే 90. చివరి ఓవర్‌కి దక్షిణాఫ్రికాకి 6 పరుగులు కావాలి. కపిల్‌కి ఓవర్లున్నాయి, శ్రీనాథ్‌కి ఉన్నాయి. బంతి అప్పటిదాకా ఒక్క ఓవర్ కూడా వెయ్యని సచిన్ చేతికెళ్ళింది. మొదటి బంతికే రెండో పరుగు కోసం ఉరికి డివిలియర్స్ రనౌట్. ఇక్కడ డివిలియర్స్ అంటే ఫ్యానీ, ఏబీ అప్పటికి స్కూల్ పిల్లాడు. డొనాల్డ్ వచ్చి మూడు బంతులు గాల్లో బ్యాట్ ఊపినంత పనిచేశాడు. ఓవర్ మొత్తంలో వచ్చింది 3 పరుగులే, మనం 2 పరుగులతో గెలిచాం. ఆ రాత్రి ఒక ముంగిస గ్రౌండ్‌లోకి వచ్చి తిరిగింది, అది వచ్చినప్పుడల్లా వికెట్ పడిందని చెప్పుకుంటారు. నేను లెక్కపెట్టలేదు కానీ ముంగిస మాత్రం ఉంది, వీడియోలో కనిపిస్తుంది. మూడు రోజుల తర్వాత ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకి 6 వికెట్లు తీసి వెస్టిండీస్‌ని చుట్టేశాడు, వీలుంటే అదీ చూసేయండి.

ఈ రెండూ అయ్యాక గ్రౌండ్ గురించి నాలుగు ముక్కలు చదువుకోండి, ముందు చదివితే తలకెక్కవు. 1864లో మొదలైంది. గవర్నర్ జనరల్ లార్డ్ ఆక్లాండ్ ఇంటిపేరు ఈడెన్, ఆయన చెల్లెళ్ళ పేరు మీద పక్కన తోట, తోట పేరే గ్రౌండ్‌కి వచ్చింది. తోటలో బర్మా నుంచి విప్పి తెచ్చి నిలబెట్టిన చెక్క పగోడా కూడా ఉంది. నేల సైన్యానిది, నడిపేది బెంగాల్ క్రికెట్ సంఘం. ఒక పక్కన హుగ్లీ నది, గాలి అటునుంచే వస్తుంది. ఒక ఎండ్ పేరు హైకోర్ట్ ఎండ్, నిజంగానే అటువైపు కలకత్తా హైకోర్టు ఉంది. 2011 ప్రపంచకప్ కోసం పడగొట్టి కట్టకముందు లక్ష మంది దాకా పట్టేవాళ్ళని అంటారు, ఇప్పుడు 66 వేల పైచిలుకు. ఆ కట్టడం టైముకి పూర్తికాక ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ బెంగళూరుకి వెళ్ళిపోయింది, అక్కడది టై అయింది. ఈడెన్‌వాళ్ళకి ఆ కడుపుమంట ఇప్పటికీ ఉంటుందనుకుంటా.

ఇప్పుడు అసలు మ్యాచ్. 2001 మార్చి 11 నుంచి 15. దయచేసి దీన్ని అరగంట హైలైట్స్‌లో మింగెయ్యకండి. ఐదు రోజుల మ్యాచ్‌ని ఐదు సార్లుగా, రోజుకో రోజు చొప్పున చూడండి. ప్రతి రోజూ చూడబోయే ముందు, ఆ పూటకి రెండు జట్లూ ఎక్కడున్నాయో నోటుబుక్కులో ఒక లైను రాసుకోండి, తర్వాత ఏమవుతుందో తెలియనట్టే కూర్చోండి. తెలిసినా సరే, నటించండి.

మొదటి రోజు. ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది, అందులో పదహారోది ముంబైలో మనమీదే, మూడు రోజుల్లో. హేడెన్ 97 కొట్టాడు. టీ తర్వాత హర్భజన్ పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్‌లని వరస బంతుల్లో పంపాడు. టెస్టుల్లో భారత బౌలర్ హ్యాట్రిక్ అదే మొదటిది. మూడో వికెట్, షార్ట్‌లెగ్‌లో రమేష్ పట్టిన క్యాచ్, థర్డ్ అంపైర్ తేల్చాలి. ఆ కొన్ని సెకన్లలో స్టేడియం శబ్దం వినండి, అదేదో పెద్ద బిందెలో నీళ్ళు పోస్తుంటే పైకొచ్చేకొద్దీ శబ్దం సన్నబడినట్టు ఉంటుంది. ఔటని ఎర్ర లైటు వెలిగాక ఇంక చెప్పక్కర్లేదు.

రెండో రోజు మనకి నరకం. వికెట్ల పతనం లైనులో 8-269 తర్వాత 9-402 అని ఉంటుంది. మధ్యలో ఆ 133 స్టీవ్ వా, గిలెస్పీ కలిసి కొట్టినవి. గిలెస్పీ బ్యాటింగ్ చూస్తూ కూర్చున్న ఆ జనాన్ని తల్చుకోండి. ఆస్ట్రేలియా 445. సాయంత్రానికి మనం 128కి 8.

మూడో రోజు పొద్దున్నే 171కి ఆలౌట్. లక్ష్మణ్ 59, ఆఖరి వికెట్ అతనిదే. 274 వెనకబడి ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్ళీ మనమే బ్యాటింగ్‌కి దిగాలి. ఆరో నంబర్లో 59 కొట్టినవాణ్ణి మూడో నంబర్లో పంపారు, మూడో నంబర్ ద్రవిడ్‌ని ఆరుకి దించారు. చూడ్డానికి చిన్న మార్పే. ఆ సాయంత్రం స్కోరు 254కి 4, ఇంకా 20 వెనకే ఉన్నాం. లక్ష్మణ్ 109, ద్రవిడ్ 7. ఇక్కడ నోటుబుక్కు మూసి పడుకోండి, నిజంగా. తర్వాతి రోజుది ఆ రోజే చూస్తే రుచి పోతుంది.

నాలుగో రోజు, మార్చి 14. ఆట మొదలైనప్పుడు 254కి 4, ముగిసినప్పుడు 589కి 4. రోజంతా ఒక్క వికెట్ పడలేదు, 335 పరుగులు. మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్ప్రోవిచ్, వార్న్ అందరూ వేశారు, వాళ్ళు కాక చేతికి దొరికినవాళ్ళందరూ వేశారు. మీరు చూడాల్సింది ఒకటే షాటు. వార్న్ లెగ్‌స్టంప్ బయట, బౌలర్ల పాదముద్రల గరుకులో బంతి వేస్తాడు, అది లోపలికి తిరుగుతుంది. లక్ష్మణ్ ముందుకొచ్చి ఒక బంతిని మిడ్‌వికెట్ మీదుగా కొడతాడు. మళ్ళీ దాదాపు అక్కడే పడ్డ బంతికి కాళ్ళు కదిలించి లోపలినుంచి కవర్స్‌లోకి ఆడతాడు. ఒకే బంతికి ఇటూ అటూ రెండు దార్లు. వీడియోని అక్కడ ఆపి, ముంజేయి ఎక్కడ తిరిగిందో, బ్యాట్ ముఖం ఎప్పుడు మూసుకుందో నెమ్మదిగా చూడండి. నేనా షాట్ల కోసమే ఆ రోజుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ద్రవిడ్ వంద కొట్టాక బ్యాట్‌ని ప్రెస్ బాక్స్ వైపు చూపించిన కోపం కూడా వదలకండి, అంత మర్యాదస్తుడికి కోపం రావడం అరుదు.

ఐదో రోజు లక్ష్మణ్ 281 దగ్గర ఔటయ్యాడు, 44 ఫోర్లు, గావస్కర్ 236 రికార్డు అప్పటికే పోయింది. ద్రవిడ్ 180 రనౌట్. వాళ్ళిద్దరి మధ్య 376. గంగూలీ 657కి 7 దగ్గర డిక్లేర్ చేశాడు, ఆస్ట్రేలియా లక్ష్యం 384. టీకి 161కి 3, డ్రా అని అందరూ సరిపెట్టుకున్నారు. ఇప్పుడు లైను చదవండి: 4-166, 5-166, 6-167, 7-173, 8-174. ఎనిమిది పరుగుల్లో ఐదు వికెట్లు. అందులో మూడు హర్భజన్‌వి కావు, అంటే... ఆగండి, నేను చెప్పను, కార్డు తీసి ఎవరెవరిది ఏదో మీరే రాసుకోండి. నాకు ఈ మ్యాచ్‌లో ఇష్టమైన చిన్న వివరం గిల్‌క్రిస్ట్‌ది. రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే సున్నా. అప్పుడు ప్రపంచంలో అతన్ని మించిన భయం ఇంకోటి లేదు. మెక్‌గ్రాత్‌ని ఎల్బీ ఇచ్చేసరికి 212, మనం 171తో గెలిచాం. ఫాలో ఆన్ ఆడి గెలవడం అప్పటికి టెస్టు చరిత్రలో మూడోసారి మాత్రమే.

మన హైదరాబాద్ వెంకటపతి రాజుకి అదే చివరి టెస్టు. ఒక్క వికెట్ తీశాడు, కానీ అది మార్క్ వా, సున్నాకి. ఎవరూ చెప్పుకోరు, అందుకే నేను చెబుతున్నాను.

ఆ సంబరం తలలో ఉండగానే 1999 ఫిబ్రవరికి వెళ్ళకండి, ఓ వారం ఆగండి. ఆసియా టెస్ట్ ఛాంపియన్‌షిప్, పాకిస్తాన్ మీద. ఇందులో నేర్చుకోవాల్సింది నిశ్శబ్దాన్ని వినడం. మొదటి రోజు పాకిస్తాన్ 26కి 6, శ్రీనాథ్ నిప్పులు కక్కాడు, గ్రౌండ్ ఊగిపోయింది. మన ఇన్నింగ్స్‌లో షోయబ్ అఖ్తర్ ద్రవిడ్‌ని బౌల్డ్ చేశాడు. సచిన్ లోపలికొస్తుంటే వచ్చిన శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాతి బంతికి సచిన్ మధ్య స్టంపు ఎగిరిపోయింది. ఎవరో మీట నొక్కినట్టు అంతా ఆగిపోతుంది. గంతులేస్తున్న పాకిస్తాన్ ఆటగాళ్ళ అరుపులు మాత్రమే వినిపిస్తాయి.

రెండో ఇన్నింగ్స్‌లో సచిన్ మూడో పరుగు కోసం వస్తూ షోయబ్‌కి తగిలాడు, బౌండరీ దగ్గర్నుంచి వచ్చిన త్రో నేరుగా వికెట్లకి కొట్టింది, రనౌట్. జనం రెచ్చిపోయారు. ఆట ఆగింది, సచిన్, అప్పటి ఐసీసీ అధ్యక్షుడు దాల్మియా ఇద్దరూ గ్రౌండ్ చుట్టూ తిరిగి బతిమాలాల్సి వచ్చింది. ఐదో రోజు మళ్ళీ గొడవైతే పోలీసులు స్టాండ్స్ మొత్తం ఖాళీ చేయించారు. ఆఖరి వికెట్లు ఎవరూ లేని ఈడెన్‌లో పడ్డాయి, పాకిస్తాన్ 46 పరుగులతో గెలిచింది. శ్రీనాథ్‌వి ఆ మ్యాచ్‌లో 13 వికెట్లు, ఓడిపోయిన టెస్టులో. ఆ చివరి ఓవర్ల వీడియో దొరికితే చూడండి. బంతి బ్యాట్‌కి తగిలిన టక్ శబ్దం, ఫీల్డర్ల కేకలు అంత స్పష్టంగా వినిపిస్తుంటే అది ఈడెన్ అంటే నమ్మబుద్ధి కాదు. తప్పు ఎవరిదన్న వాదనలోకి నేను దిగను, సీసా విసిరినవాడిది మాత్రం కచ్చితంగా తప్పే.

మనవాళ్ళు లేని మ్యాచ్‌లు రెండు చూడాలి. 1987 నవంబర్ 8, ప్రపంచకప్ ఫైనల్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్. ముంబై సెమీస్‌లో గూచ్ స్వీప్‌ల మీద స్వీప్‌లు కొట్టి మనల్ని ఇంటికి పంపాడు కాబట్టి ఈడెన్ మొత్తం ఆస్ట్రేలియా వైపు తిరిగింది. పగ అంటే అదీ. ఇంగ్లండ్ 135కి 2, హాయిగా సాగుతోంది. అలన్ బోర్డర్ పార్ట్‌టైమ్ స్పిన్ వెయ్యడానికొచ్చాడు, వేసిన మొదటి బంతికే గాటింగ్ రివర్స్ స్వీప్ ఆడబోయి కీపర్‌కి దొరికిపోయాడు. ఇంగ్లండ్ ఓడింది 7 పరుగులతో. రెండోది 2016 ఏప్రిల్ 3, టీ20 ప్రపంచకప్ ఫైనల్. చివరి ఓవర్‌కి వెస్టిండీస్‌కి 19 కావాలి, బౌలర్ స్టోక్స్, బ్రాత్‌వైట్ నాలుగు బంతులకి నాలుగు సిక్సులు. కామెంటరీలో ఇయాన్ బిషప్ ఆ పేరు గుర్తుపెట్టుకోండని అరిచిన అరుపు అందరికీ తెలిసిందే. అదే రోజు మధ్యాహ్నం, అదే గ్రౌండ్‌లో వెస్టిండీస్ అమ్మాయిలు ఆస్ట్రేలియాని ఓడించి కప్పు కొట్టారు. హేలీ మాథ్యూస్ 66 చాలామంది చూసి ఉండరు, చూడండి.

వీడియోలు లేని కాలానికి పద్ధతి వేరు. అక్కడ చదవడమే. 1934 జనవరిలో ఇక్కడ మొదటి టెస్టు, ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్, మన కెప్టెన్ సి.కె. నాయుడు. 1940ల్లో ముస్తాక్ అలీని జట్టులో వెయ్యలేదని జనం సెలెక్టర్‌ని చుట్టుముట్టి "ముస్తాక్ లేకపోతే టెస్టు లేదు" అన్నారు, వేశారు కూడా. 1967 కొత్త సంవత్సరం రోజున వెస్టిండీస్ టెస్టులో సీట్లకి మించి జనం వచ్చి పడి, లాఠీలు లేచి, మంటలు రేగి ఆ రోజు ఆటే జరగలేదు. 1969లో ఆస్ట్రేలియా టెస్టు టికెట్ల తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. 1980 ఆగస్టు 16న ఇక్కడే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో 16 మంది ప్రాణాలు పోయాయి. ఇవి దాటవేసి ఈడెన్ జనం గొప్పవాళ్ళని మురిసిపోతే అది సగం చరిత్రే.

ఇక మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక దారి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నోటుబుక్కులో ఒక పేజీ మీద హైదరాబాద్ అని రాసుకోండి. కింద మూడు పేర్లు. ఎం.ఎల్. జయసింహ, 1960 జనవరి, ఆస్ట్రేలియా మీద. మొదటి రోజు సాయంత్రం బ్యాటింగ్‌కి వచ్చి చివరి రోజు దాకా ఐదు రోజులూ ఏదో ఒకప్పుడు క్రీజులో ఉన్నాడు, 20 నాటౌట్, 74. టెస్టుల్లో ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన మొదటివాడు. తర్వాత మనవాళ్ళలో ఇంకో ఇద్దరు ఆ పని చేశారు, రవిశాస్త్రి, పుజారా, వాళ్ళదీ ఈడెన్‌లోనే కావడం విచిత్రం. రెండో పేరు అజహర్. 1984 డిసెంబర్ 31న మొదలైన టెస్టులో ఇక్కడే అరంగేట్రం, 110. ఆ మ్యాచ్‌లో కపిల్‌ని పక్కన పెట్టినందుకు గావస్కర్ మీద జనం విరుచుకుపడుతుంటే ఆ గోల మధ్య ఓ సన్నటి కుర్రాడు మణికట్టు తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఈడెన్‌లో అతనివి మొత్తం ఐదు టెస్టు సెంచరీలు. 1996లో దక్షిణాఫ్రికా మీద 77 బంతుల్లో కొట్టిన 109 వీడియో దొరికితే వదలొద్దు. మూడో పేరు లక్ష్మణ్, అతనివీ ఇక్కడ ఐదు, 1200కి పైగా పరుగులు. అజహర్ ఆన్‌సైడ్ షాట్లు రెండు, లక్ష్మణ్‌వి రెండు పక్కపక్కన పెట్టి శబ్దం తీసేసి చూడండి. ఈ ఒక్కచోట చెవులకి సెలవు.

రికార్డులు ఓ గంటలో ముగించెయ్యొచ్చు. కపిల్ 1991లో శ్రీలంక మీద, కుల్‌దీప్ 2017లో ఆస్ట్రేలియా మీద వన్డే హ్యాట్రిక్‌లు. 2014 నవంబర్ 13న రోహిత్ 264, నాలుగు పరుగుల దగ్గర క్యాచ్ వదిలేశారు పాపం, శ్రీలంక మొత్తం జట్టు చేసింది 251. 2019లో మన దేశంలో మొదటి పింక్ బాల్ టెస్టు. 2023 నవంబర్ 5న కోహ్లి తన పుట్టినరోజు నాడు 49వ వన్డే సెంచరీ కొట్టి సచిన్ సరసన నిలబడ్డాడు.

ఇవన్నీ అయ్యాక వెళ్ళి చూడాలనిపిస్తుంది, వెళ్ళండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరా తీసుకెళ్తుంది, దార్లో విజయవాడ, విశాఖవాళ్ళూ ఎక్కొచ్చు. హౌరాలో దిగి టాక్సీల వైపు వెళ్ళకుండా ఫెర్రీ ఘాట్‌కి నడిచి బాబూఘాట్ పడవ ఎక్కండి. నది మధ్యలోంచే ఫ్లడ్‌లైట్ల స్తంభాలు కనిపిస్తాయి, దిగాక నడిచేంత దూరమే. 2024 నుంచి నది కిందినుంచి మెట్రో కూడా ఉంది, ఎస్ప్లనేడ్‌లో దిగాలి, కానీ పడవలో ఉన్న గాలి అందులో రాదు. బ్యాగు, నీళ్ళ సీసా వెంట పెట్టుకోకండి, గేటు దగ్గర లోపలికి రానివ్వరు. టికెట్ తీసేటప్పుడు నేనైతే క్లబ్‌హౌస్ దగ్గర ఖరీదైన సీట్లకి పోను, ఎదురుగా హైకోర్ట్ ఎండ్ వైపు పై వరసల్లో ఎక్కడో ఒకచోట చాలు, శబ్దం పైకే వస్తుంది.

చలికాలం టెస్టుకి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకే వెలుతురు తగ్గిపోతుంది, పొద్దున్నే సీట్లో ఉండండి. ఆట మొదలయ్యే ముందు ఒక గంట కొడతారు, 2016లో మొదలుపెట్టారు, మొదట కొట్టింది కపిల్ దేవ్. రాత్రి మ్యాచ్‌కైతే మంచు పడుతుంది, బౌలర్లు బంతిని తువ్వాలుతో తుడుస్తూనే ఉంటారు, టాస్ గెలిచినవాడు ఏం తీసుకున్నాడో దాన్ని బట్టి చూసుకోండి. మ్యాచ్ అయ్యేసరికి పడవలుంటాయని నమ్ముకోవద్దు. జనం పల్చబడేదాకా ఓ పావుగంట సీట్లోనే కూర్చుని, బయట ఝాల్‌మురి (కారం మరమరాలు) పొట్లం కొనుక్కుని ఎస్ప్లనేడ్ వైపు నడవండి, పక్కన నడిచేవాళ్ళు బెంగాలీలో తిట్టుకుంటున్నది ఏ బ్యాట్స్‌మన్‌నో భాష రాకపోయినా తెలిసిపోతుంది.